రిపోర్టులో అన్నీ పరిమితిలోపే, మనుషులకు మాత్రం బాగోలేదు: ఎక్కడి నుంచి వెతకాలి?

షిఫ్ట్_బి

అందరికీ నమస్కారం. నేను ప్యాకింగ్ కవర్లు ముద్రించే యూనిట్‌లో మెషీన్ ఆపరేటర్‌ని. కొన్ని నెలలుగా మా షిఫ్ట్‌లో చాలామందికి సగం డ్యూటీ దాటేసరికి తలపోటు, కళ్ల మంటలు వస్తున్నాయి. కొందరికి దగ్గు పట్టుకుంటే ఓ పట్టాన వదలడం లేదు. సెలవు రోజు ఇంటి పట్టున ఉంటే తగ్గుతుంది, మళ్లీ డ్యూటీ ఎక్కగానే మొదలవుతుంది. మేం వాడేవి ఇంకులు, జిగురు, రోలర్ల మీది ఇంకును కరిగించి కడిగే ద్రవం, అంటే సాల్వెంట్.

అందరం కలిసి గట్టిగా అడిగితే బయటి ల్యాబ్ వాళ్లను పిలిపించి గాలి పరీక్ష చేయించారు. రిపోర్టు నోటీసు బోర్డుకు అంటించారు. అన్నీ పరిమితిలోపే ఉన్నాయట. "ఇంట్లో టెన్షన్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి" అని సూపర్‌వైజర్ ఒక మాట అనేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఎవరూ నోరెత్తడం లేదు.

రిపోర్టు అలా వచ్చిందంటే ఇక ఈ సంగతి ముగిసినట్టేనా? ఈ పనుల్లో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గాలి_కొలత

షిఫ్ట్_బి గారూ, ఫ్యాక్టరీల్లో గాలి నమూనాలు తీయడమే నా ఉద్యోగం. ఆ రిపోర్టు తప్పని చూడకుండా అనలేను. వాళ్లు ఏం కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు కొలిచారు అన్నది తెలిస్తేనే దానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

మొదట, పంపు ఎక్కడ పెట్టారో కనుక్కోండి. సరైన పద్ధతిలో చిన్న పంపును మనిషి నడుముకు కట్టి, గొట్టం చివర ఉండే శాంప్లర్‌ను (గాలి నమూనా పట్టే చిన్న సాధనాన్ని) కాలర్ దగ్గర, అంటే ముక్కుకు జానెడు దూరంలో తగిలిస్తారు. అతను రోజూ చేసే పని చేసుకుంటూ పోతాడు. అలా కాకుండా హాలు మధ్యలో స్టాండ్ వేసి కొలిస్తే వచ్చేది హాలు గాలి లెక్క. రోలర్ మీదకు వంగి గుడ్డతో తుడిచే మనిషి పీల్చేది దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు.

రెండోది, ఎంతసేపటి లెక్క అన్నది. చాలా పరిమితులు ఎనిమిది గంటల సగటు మీద ఉంటాయి. పావుగంట సేపు ఘాటుగా పీల్చి మిగతా షిఫ్ట్ అంతా మామూలు గాలిలో ఉంటే సగటు చక్కగా కనిపిస్తుంది. అందుకే కొన్ని రసాయనాలకు 15 నిమిషాల పరిమితి వేరేగా పెట్టారు. మీ రిపోర్టులో ఆ కాలమ్ ఉందా?

మూడోది, ఏ పదార్థాల కోసం వెతికారు అన్నది. గాలిలో ఉన్నవన్నీ పట్టేసే పరీక్ష ఏదీ లేదు. పేరు పెట్టి వెతికినవే దొరుకుతాయి. పైగా సాల్వెంట్లు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి, అది గాలి పరీక్షలో అస్సలు కనిపించదు. చేతులకు గ్లవ్స్ ఇస్తున్నారా, ఇస్తే ఆ సాల్వెంట్‌కు తట్టుకునే రకమేనా?

మీరు వాడే ప్రతి డబ్బాకూ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. అందులో 16 విభాగాలు. రెండోదాంట్లో ప్రమాదాలు, మూడోదాంట్లో ఏమేం కలిపారు, ఎనిమిదోదాంట్లో పరిమితులు, జాగ్రత్తలు రాస్తారు. ముందు ఆ షీట్లు అడిగి తీసుకోండి. మూడో విభాగంలో ఉన్న పేర్లు, రిపోర్టులో కొలిచిన పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

ఒకే_ప్రశ్న

నేను ప్రొడక్షన్ వైపు మనిషిని, కాబట్టి రెండో పక్క మాట కూడా వినండి. పరిమితి అనేది ఎవరో శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి పెట్టిందే కదా? దానిలోపు ఉన్నప్పుడు యాజమాన్యం ఇంకేం చేయాలి? ఒకరికి తలనొప్పి అంటే పక్కవాడికీ అనిపిస్తుంది. పది మంది కూడి మాట్లాడుకుంటే ఇంకా పెరుగుతుంది. అలాంటివి జరగవని ఎవరైనా అనగలరా?

గాలి_కొలత

పరిమితి గురించి ఒక సంగతి చెప్తాను. వినైల్ క్లోరైడ్ అంటే పీవీసీ ప్లాస్టిక్ తయారీకి వాడే వాయువు. అమెరికాలో దానికి చట్టబద్ధమైన పరిమితి ఒకప్పుడు 500 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 500 భాగాలు. కాబట్టి 400 పీపీఎం ఉన్న గాలిలో పనిచేసిన కార్మికుడి రిపోర్టు మీద కూడా "పరిమితిలోపే" అనే రాసి ఉండేది. 1974లో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కార్మికులకు కాలేయంలో యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ వచ్చిన సంగతి బయటపడింది. అది ఎంత అరుదైనదంటే చాలామంది డాక్టర్లు జీవితం మొత్తంలో ఒక్క కేసు కూడా చూడరు. ఒకే ఫ్యాక్టరీ నుంచి మూడు కేసులు వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీ డాక్టరే పట్టుకున్నాడు. ఆ తర్వాత పరిమితిని ఎనిమిది గంటల సగటు మీద 1 పీపీఎంకి దించారు. 500 నుంచి 1కి.

అప్పటిదాకా తెలిసినదాన్ని బట్టే పరిమితి పెడతారు. దానిలోపు ఉన్నా మనుషులు జబ్బు పడుతుంటే ఇంకా వెతకాల్సిందే.

డా_ఊపిరి

ఒకే_ప్రశ్న గారి సందేహం నిజాయితీగా అడిగినదే, నిజాయితీగానే చెప్తాను. భయం వల్ల, ఒత్తిడి వల్ల గుంపుగా లక్షణాలు రావడం ఉంది. కానీ అది అన్నీ వెతికి, ఏమీ దొరక్క, లక్షణాలు సాగే తీరు కూడా దానికి సరిపోయినప్పుడు చివర్న వచ్చే నిర్ణయం. మొదటి రోజే అనేస్తే ఇక ఎవరూ వెతకరు. ఇక్కడ సెలవుకు తగ్గి, డ్యూటీకి రాగానే పెరుగుతోందని ఆయన చెప్తున్నారు. మా దగ్గరికి ఇలాంటి మనిషి వస్తే మొదట అడిగేది అదే.

ఇందులోనూ రకాలు ఉన్నాయి. ఆస్తమా లాంటిదైతే వారం గడిచేకొద్దీ ముదిరి సెలవు రోజున ఊపిరి ఆడుతుంది. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్‌లో వరస తలకిందులు: సెలవు అయ్యాక వచ్చే మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోతుంది, తర్వాతి రోజుల్లో కాస్త సర్దుకుంటుంది. జింక్ పొగ పీల్చే వెల్డర్లకు వచ్చే జ్వరం కూడా సెలవు తర్వాతే ఎక్కువ. కాబట్టి మీ షిఫ్ట్‌లో అందరూ ఓ చిన్న డైరీ పెట్టండి. తేదీ, ఆ రోజు చేసిన పని, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి తగ్గింది. ఇంతే చాలు.

ఇంకొకటి. మీ దగ్గర పనిచేసి మానేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఎందుకు మానేశారు? ఇది తేలిగ్గా తీసుకోకండి.

2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ సంగతి ఇలాగే బయటికి వచ్చింది. ఎనిమిది మందికి ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయాయి. బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటారు, ఆ నష్టం మందుతో నయం కాదు. ఆ ఎనిమిది మందీ అక్కడ పని మానేసినవాళ్లే! ఫ్యాక్టరీలో ఆ రోజు హాజరైనవాళ్లను మాత్రమే చూసి ఉంటే వాళ్లు లెక్కలోకే వచ్చేవారు కాదు. జబ్బు పడ్డవాళ్లు పని వదిలి వెళ్లిపోతారు, తట్టుకున్నవాళ్లు మిగులుతారు. మిగిలినవాళ్లను లెక్కపెట్టి "అంతా ఆరోగ్యంగానే ఉన్నారు" అనుకోవడం మా రంగంలో తరచూ జరిగే పొరపాటు.

పని చోట్ల ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వెళ్లి పనిచేస్తున్నవాళ్లకు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేస్తే, ఊపిరి గొట్టాల అడ్డంకి మామూలు జనంలో ఉండాల్సినదానికి మూడు రెట్లకు పైగా తేలింది. కారణం వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్. తినడానికి సురక్షితం అని పేరున్న పదార్థమే. వేడి చేసి కలిపే ట్యాంకు దగ్గర ఆవిరిగా పీల్చితే ఏమవుతుందో అంతకుముందు ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

షిఫ్ట్_బి

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. మానేసినవాళ్ల సంగతి మాకు తట్టనే లేదు. వాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి, కనుక్కుంటాను.

మెస్_కమిటీ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది వేరే గోల, కానీ మీరు చెప్పేది దీనికీ పనికొస్తుందేమో అనిపించింది. నేను ఒక హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నాను. మొన్న ఒక రాత్రి భోజనం తర్వాత చాలామందికి వాంతులు, కొందరికి విరేచనాలు. ఇప్పుడు అందరూ మాంసం కూర మీదే పడ్డారు. వంటమనిషిని తీసేయమని గొడవ. ఆయన మాత్రం కూర దించిన వెంటనే వేడివేడిగా వడ్డించానని అంటున్నాడు. తిన్నవాళ్లలో చాలామందికి వాంతులైన మాట మాత్రం నిజం. ఇంకేం చూడాలి?

లెక్కల_మనిషి

మెస్_కమిటీ గారూ, తొందరపడి ఎవరినీ తీసేయకండి. జబ్బులు ఎవరికి, ఎందుకు వ్యాపిస్తాయో వెతికే శాస్త్రం ఎపిడెమియాలజీ. సరిగ్గా ఇలాంటి కేసే ఆ పాఠాల్లో మొదట చెప్తారు.

1940 ఏప్రిల్ 18న న్యూయార్క్ రాష్ట్రం ఓస్వీగో కౌంటీలో ఒక చర్చి విందు జరిగింది. విందుకు వచ్చినవాళ్లలో 75 మందిని తర్వాత విచారించారు. వాళ్లలో 46 మంది జబ్బు పడ్డారు. ముందు హ్యామ్ (పంది మాంసం) సంగతి చూడండి. హ్యామ్ తిన్నవాళ్లు 46 మంది, వాళ్లలో 29 మందికి జబ్బు. అంటే 63 శాతం. ఇంతవరకే చూస్తే హ్యామే దోషి అనిపిస్తుంది. ఇప్పుడు హ్యామ్ ముట్టుకోనివాళ్లను చూడండి. 29 మంది, వాళ్లలో 17 మందికి జబ్బు. 59 శాతం. తిన్నా తినకపోయినా దాదాపు ఒకటే. హ్యామ్‌కు ఏ పాపమూ తెలియదు.

అదే వెనీలా ఐస్‌క్రీమ్ తిన్నవాళ్లు 54 మంది, వాళ్లలో 43 మంది జబ్బు పడ్డారు: 80 శాతం. తిననివాళ్లు 21 మంది, వాళ్లలో ముగ్గురికే: 14 శాతం. తేడా ఎంతో చూశారా?

మీ దగ్గర కూర తిన్నవాళ్లలో చాలామందికి వాంతులయ్యాయి అన్నారు. ఆ రాత్రి కూర తిననివాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమందికి వాంతులు? ఆ రెండు అంకెలు లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు. కూర ఎక్కువమంది తినే వంటకం అయితే జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది దాన్ని తినే ఉంటారు, అది ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

కాబట్టి ఆ రాత్రి మెస్‌లో తిన్న ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా బాగున్నవాళ్లను, ఒకే ప్రశ్నల కాగితంతో అడగండి. ఆ పూట వడ్డించిన ప్రతి వంటకం, నీళ్లు, పచ్చడి, పెరుగు, ఐస్ ముక్కలతో సహా, వరసగా రాసి తిన్నారా లేదా అని టిక్ పెట్టించండి. "కూర తిన్నారా, వాంతులయ్యాయా" అని అడిగితే మీరు కూరనే వెతుకుతున్నారని వాళ్లకు తెలిసిపోతుంది, జవాబులూ అటే వంగుతాయి. అంతకంటే ముందు "కేసు" అంటే ఎవరో ఒక నిర్వచనం రాసుకోండి. ఆ రాత్రి మెస్‌లో తిని, ఇన్ని గంటలలోపు ఇన్నిసార్లు వాంతి లేదా విరేచనం అయినవాళ్లు అని. కాస్త కడుపు ఉబ్బరం అన్నవాళ్లను ఒకరు కలిపి, ఇంకొకరు వదిలేస్తే లెక్క చెడిపోతుంది.

ల్యాబ్_బల్ల

లెక్కల_మనిషి గారు చెప్పిన కాగితంలో ఒక గడి పెద్దదిగా పెట్టండి: భోజనం ఎన్నింటికి, మొదటి వాంతి ఎన్నింటికి. మా ల్యాబ్‌లో శాంపిల్ చేరకముందే ఆ ఒక్క లెక్కతో సగం దారి కనిపిస్తుంది.

తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు గుంపుగా వాంతులు పట్టుకుంటే స్టాఫిలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) లేదా బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం అని అనుమానిస్తాం. ఈ విషాలు ఆహారంలోనే ముందే తయారై ఉంటాయి. మళ్లీ మరిగించినా పోవు, అందుకే "వేడి చేసే పెట్టాం" అన్న మాట ఇక్కడ సరిపోదు. స్టాఫ్ మామూలుగా వండేవాళ్ల ముక్కు, చేతి పుండ్ల నుంచి వస్తుంది. ఆపైన వంటకం గంటల తరబడి బయట ఉంటే పెరుగుతుంది. బాసిల్లస్ వండి అలా వదిలేసిన అన్నంలో బాగా పెరుగుతుంది. ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపునొప్పి, విరేచనాలు ఎక్కువై వాంతులు, జ్వరం పెద్దగా లేకపోతే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. పెద్ద డేగిసాలో వండి నెమ్మదిగా చల్లారనిచ్చిన మాంసం దానికి ఇష్టం. జ్వరంతో కలిసి అర రోజు నుంచి మూడు రోజుల్లోపు వస్తే సాల్మొనెల్లా వైపు చూస్తాం. నోరోవైరస్ పన్నెండు నుంచి నలభై ఎనిమిది గంటలు తీసుకుంటుంది. అది తిననివాళ్లకు కూడా, తిన్నవాళ్ల గదిలో ఉన్నవాళ్లకు కూడా అంటుకుంటుంది.

హెపటైటిస్ ఎ అయితే సగటున ఇరవై ఎనిమిది రోజులు. నెల క్రితం ఏం తిన్నారో ఎవరు చెప్పగలరు! లిస్టీరియాకు కొన్నిసార్లు డెబ్బై రోజుల దాకా పడుతుంది.

మిగిలిన వంటకాలు పారేశారా? పారేయకపోతే వెంటనే శుభ్రమైన గిన్నెల్లో విడివిడిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టి, మీద పేరు, తేదీ, టైం రాయండి. మల నమూనా యాంటీబయాటిక్ వేసుకోకముందే ఇవ్వాలి. స్థానిక ఆరోగ్య అధికారికి ఫోన్ చేశారా? ఇది మీరు ఒంటరిగా మోయాల్సిన బరువు కాదు.

మెస్_కమిటీ

ఆరోగ్య శాఖకు చెప్పాం, రేపు వస్తామన్నారు. గిన్నెలు మాత్రం ఆ రాత్రే కడిగేశారండీ. పిండి డబ్బా, నూనె, మసాలాలు ఉన్నాయి. ప్రశ్నల కాగితం ఈ రాత్రే తయారుచేసి అందరికీ పంచుతాం.

ఒక సందేహం. రెండు మూడు రోజులయ్యాక అడిగితే అందరికీ గుర్తుంటుందా? నాకే పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు.

లెక్కల_మనిషి

అన్నీ గుర్తుండవు, ఎవరికీ ఉండవు. ముఖ్యంగా పక్కన చల్లినవి, అలంకరణకు పెట్టినవి మరిచిపోతారు. 2011లో జర్మనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఇ. కోలి అనే బ్యాక్టీరియాలో ఓ104:హెచ్4 అనే రకం వ్యాపించి 3,800 మందికి పైగా జబ్బు పడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మొదట రోగులను అడిగితే టొమాటోలు, దోసకాయలు, సలాడ్ ఆకులు అన్నారు. మే చివర్లో స్పెయిన్ దోసకాయల మీద నేరం మోపారు. ఆ దోసకాయల మీద ఇ. కోలి దొరికింది కానీ రోగుల్లో ఉన్న రకం అది కాదని తర్వాత తేలింది. ఈలోపే స్పెయిన్ రైతుల కూరగాయలు కొనేవాళ్లు లేక కుళ్లిపోయాయి.

తర్వాత పరిశోధకులు రోగుల జ్ఞాపకాన్ని పక్కన పెట్టారు. ఒక రెస్టారెంట్‌కు గుంపులుగా వచ్చి తిన్నవాళ్ల ఆర్డర్లు తీశారు. వంటగదికి వెళ్లి ఏ ప్లేటులో ఏమేం వేస్తారో వంటవాళ్లనే అడిగి రాసుకున్నారు. ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నవాళ్లలో జబ్బు పడినవాళ్లనూ బాగున్నవాళ్లనూ పోల్చితే మొలకలు వడ్డించినవాళ్లకే జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ అని తేలింది. జూన్ 10న ఆ సంగతి ప్రకటించారు. అవి మెంతి మొలకలు. గింజలు ఈజిప్టు నుంచి వచ్చాయని సరఫరా కాగితాలు తిరగేసి కనుక్కున్నారు.

మీకూ అదే దారి ఉంది. విద్యార్థులను అడగడమే కాకుండా ఆ రోజు స్టోరు నుంచి ఏమేం తీశారు, ఏది ఎన్నింటికి వండారు, వడ్డించేదాకా ఎక్కడ ఉంచారు అని వంటమనిషి దగ్గర కూర్చుని మర్యాదగా రాసుకోండి. ఆయన మీద అరిస్తే ఆయన దాస్తాడు. ఆయన దాస్తే మీకు జవాబు దొరకదు.

నీళ్ల_వెంట

బాగున్నవాళ్ల మాట వచ్చింది కాబట్టి 1854 లండన్ కలరా సంగతి కూడా చేర్చాలి. కలరా బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లతోనే వస్తోందని గుర్తించి ఆ పంపు పిడి ఊడదీయించిన డాక్టర్ జాన్ స్నో గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆయన చావులు లేని చోట్లకు కూడా వెళ్లి ఎందుకు లేవని అడిగిన తీరే గొప్పగా అనిపిస్తుంది. పంపుకు దగ్గర్లోనే ఒక వర్క్‌హౌస్, అంటే దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే చోటు. 535 మంది ఉంటే కలరాతో పోయింది ఐదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. దగ్గర్లోనే బీరు కాచే బ్రూవరీ, 70 మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ పోలేదు. వాళ్లు అక్కడ కాచిన బీరు తాగేవారు, ఆ పంపు దగ్గరికే వెళ్లేవారు కాదు.

ఎక్కడో దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఒక పెద్దావిడ కలరాతో చనిపోయింది. ఆమెకు ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమని రోజూ బండి మీద తెప్పించుకునేదట.

షిఫ్ట్_బి

అన్నీ చదివాను. గత కొన్ని రోజుల్లో మేం చేసింది చెప్తాను.

లెక్కల_మనిషి గారు మెస్ వాళ్లకు చెప్పినట్టే మేమూ ఒక కాగితం తయారుచేశాం. ఎవరు ఏ మెషీన్ మీద, ఏ పని, ఏ షిఫ్ట్, ఏ లక్షణం, ఎన్నింటికి. బాగున్నవాళ్లను కూడా వదల్లేదు. ప్యాకింగ్ చివర ఉండే ఆడవాళ్లలో ఎవరికీ ఏమీ లేదు. ఉదయం షిఫ్ట్ వాళ్లలో ఒకరిద్దరికే. మా షిఫ్ట్‌లో రోలర్లు కడిగేవాళ్లలో దాదాపు అందరికీ ఉంది. కడిగే పని మా షిఫ్ట్ రెండో సగంలోనే ఉంటుంది. ఆ టైంకి చలిగాలి అని షట్టర్లు దించేస్తారు. నోటీసు బోర్డు మీద రిపోర్టు ఫొటో తీసుకుని చూస్తే శాంపిల్ తీసింది ఉదయం షిఫ్ట్‌లో! రోలర్లు కడగని టైంలో!

మానేసినవాళ్లలో ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురూ కడిగే పని చేసినవాళ్లే. ఒకతను చేతివేళ్లు మొద్దుబారాయి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి కష్టమవుతోంది అన్నాడు. దగ్గు కాదు, తలనొప్పి కాదు, మొద్దుబారడం. ఇది దీనికి సంబంధించిందో లేదో నాకు తెలియదు. స్టోర్ కుర్రాడు చెప్పిందేమంటే కడిగే సాల్వెంట్ కొంతకాలం క్రితం మార్చారట, కొత్తది త్వరగా ఆరుతుందని.

డా_ఊపిరి

షిఫ్ట్_బి గారూ, ఆ మొద్దుబారిన అతన్ని ఈ వారమే నరాల డాక్టర్‌కు చూపించండి. పాత పనిలో ఏ సాల్వెంట్ వాడాడో కాగితం మీద రాసి తీసుకెళ్లమనండి. అడక్కపోయినా డాక్టర్‌కు చెప్పమనండి.

ఎందుకంటే, త్వరగా ఆరుతుందని మార్చిన సాల్వెంట్ అనగానే నాకు గుర్తొచ్చింది ఎన్-హెక్సేన్. చైనాలోని సుజౌలో టచ్‌స్క్రీన్లు తుడిచే ఒక ఫ్యాక్టరీలో ఆల్కహాల్‌కు బదులు త్వరగా ఆరుతుందని దాన్ని వాడారు. 2009లో మొదలై 137 మంది కార్మికులు దాని విషానికి గురయ్యారు. పట్టు తప్పడం, కాళ్లు చేతులు మొద్దుబారడం, నడవడం కష్టం కావడం. మీ సాల్వెంట్ అదేనని నేను అనడం లేదు. డేటా షీట్ మూడో విభాగంలో హెక్సేన్ అని ఉందో లేదో ఈ రోజే చూడండి.

ఉంటే గాలితో పాటు మూత్ర పరీక్ష కూడా ఉంది. హెక్సేన్ ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి మూత్రంలో వస్తుంది, షిఫ్ట్ ముగిసే సమయానికి తీసిన నమూనాలో అది కొలుస్తారు. చర్మం గుండా పోయింది కూడా ఇందులో లెక్కకు వస్తుంది.

ఒకే_ప్రశ్న

షిఫ్ట్_బి గారూ, మీ కాగితం చూశాక నా అభ్యంతరం లేదు. ప్రొడక్షన్ వైపు నుంచి ఒక సలహా. మేనేజర్ దగ్గరికి "మాకు బాగోలేదు" అని వెళ్తే మళ్లీ పాత జవాబే వస్తుంది. "మీ శాంపిల్ ఉదయం తీశారు, రోలర్లు రాత్రి కడుగుతాం, ఇదిగో పట్టిక" అని వెళ్లండి. దాన్ని కాదనడం ఏ మేనేజర్‌కైనా కష్టం. ఒక్కరే వెళ్లకండి. సంతకాలు అందరివీ ఉండాలి.

గాలి_కొలత

ఒకే_ప్రశ్న గారి మాటకు తోడుగా ఒకటి. కార్మికులే పట్టుకున్న కేసులు చిన్నవేమీ కావు. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రప్‌లో పురుగుమందుల ఫ్యాక్టరీ పనివాళ్లు, తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదేమిటని తమలో తామే మాట్లాడుకుని పరీక్షలకు పట్టుబట్టారు. డీబీసీపీ అనే పురుగుమందు వీర్యకణాలను దెబ్బతీస్తోందని అలా తేలింది. రెండేళ్లలో అమెరికాలో దాని వాడకం దాదాపు మొత్తం ఆగిపోయింది.

పరీక్ష మళ్లీ చేసేదాకా ఆగనవసరం లేనివి కూడా ఉన్నాయి. కడిగేటప్పుడు షట్టర్లు తెరిచి ఉంచమనండి. నానిన గుడ్డల్ని మూత ఉన్న డబ్బాలో వేయమనండి, తెరిచిన బకెట్లో వేస్తే రాత్రంతా ఆవిరి వస్తూనే ఉంటుంది. పాత సాల్వెంట్‌కు తిరిగి వెళ్లగలరా అని అడగండి. ప్రమాదకరమైన పదార్థాన్నే మార్చేస్తే మిగతావన్నీ తేలిక. మాస్క్ అందరికంటే చివర్న. దుమ్ముకు వాడే గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ (ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బీ) ఉన్న మాస్క్ కావాలి.

మెస్_కమిటీ

మా సంగతి కూడా చెప్పేస్తాను. కాగితాలు అన్నీ వచ్చాయి. కూర తిననివాళ్లకు కూడా దాదాపు అంతే వాంతులు. తేడా కనిపించింది సాయంత్రమే చేసి బల్ల మీద ఉంచిన క్రీమ్ స్వీట్‌లో. అది తిననివాళ్లలో ఒకరిద్దరికి తప్ప ఏమీ కాలేదు. వాంతులన్నీ భోజనం అయిన మూడు నాలుగు గంటల్లోపే. ఆరోగ్య శాఖ వాళ్లు పట్టిక తీసుకున్నారు, వండినవాళ్ల, వడ్డించినవాళ్ల చేతులు చూశారు, నమూనాలు తీసుకెళ్లారు. ల్యాబ్ ఫలితం ఇంకా రాలేదు. వంటమనిషిని తీసేయాలన్న మాట మాత్రం ఆగిపోయింది.

ల్యాబ్_బల్ల

చాలా మంచి పని చేశారు. ల్యాబ్‌లో ఏమీ దొరక్కపోయినా కంగారుపడకండి, గిన్నెలు కడిగేశారు కాబట్టి అలా జరగొచ్చు. అప్పుడు మీ పట్టికే సాక్ష్యం. ఇకపై ప్రతి పూట వండిన ప్రతి వంటకంలో కొంచెం విడిగా తీసి, తేదీ వేసి కనీసం రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచే అలవాటు మెస్‌లో పెట్టండి.

షిఫ్ట్_బి

డేటా షీట్ దొరికింది. మూడో విభాగంలో హెక్సేన్ ఉంది. రిపోర్టులో కొలిచిన పేర్లలో అది లేదు.

సంతకాలతో లేఖ ఇచ్చాం. పట్టిక చూపించాక మళ్లీ కొలుస్తామని ఒప్పుకున్నారు, ఈసారి మా షిఫ్ట్‌లో, రోలర్లు కడిగేటప్పుడు, కడిగేవాళ్ల కాలర్‌కు తగిలించి. మూత్ర పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడతామన్నారు. ఈలోపు పాత సాల్వెంట్ తెప్పించారు. మొద్దుబారిన అతను ఎల్లుండి నరాల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు, నేనూ తోడు వెళ్తున్నాను.

కొలిచే రోజు మేం ఏం గమనించాలి?

గాలి_కొలత

ముందుగా ఒకటి. పాత సాల్వెంట్ వాడే రోజు కొలిస్తే కొత్తదాని సంగతి తేలదు. కొత్తది పూర్తిగా మానేస్తే మంచిదే, అప్పుడు జరిగిన నష్టం తెలియడానికి నరాల పరీక్షలే దారి. మళ్లీ వాడతామంటే మాత్రం దాంతోనే, ఎగ్జాస్ట్ ఆన్ చేసి, చేతులకు తగిన గ్లవ్స్, ముఖానికి కార్ట్రిడ్జ్ మాస్క్ వేయించి, ఒక్క షిఫ్ట్ కొలిచి చూడమనండి.

కొలిచే రోజు లైన్ మామూలు స్పీడ్‌లోనే నడుస్తోందా, షట్టర్లు రోజూలాగే ఉన్నాయా, ఆ ఒక్క రోజు కోసం ఎవరైనా తలుపులన్నీ బార్లా తెరిచారా అని రాసుకోండి. పంపు మొదలుపెట్టిన టైం, ఆపిన టైం, ముందూ తర్వాతా కొలిచిన గాలి వేగం మీ ఎదుటే నోట్ చేయమనండి. కడిగే పావుగంటకు విడి శాంపిల్ కావాలని ముందే చెప్పండి. "పరిమితిలోపే" అన్న ఒక్క మాట కాకుండా, ప్రతి మనిషికి, ప్రతి పదార్థానికి వచ్చిన అంకెల కాగితం అడగండి. అది ఇచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, కూర్చుని కలిసి చదువుదాం.